భూమి లోపలి సాక్ష్యం

మొదటి కీర్తన ఎత్తుకోగానే పక్కగదిలో గదులు వేడిచేసే ఫర్నేసు కూడా ఎత్తుకుంది. ప్రతి ఆదివారం ఇంతే, మేం గొంతు సవరించుకునేదాకా అది కాచుకుని ఉంటుందేమో. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, ఇనప మడత కుర్చీలు, గోడకి అమెరికన్ పిల్లలు అతికించి వెళ్ళిన కాగితం గొర్రెపిల్లలు. అసలు చర్చి పైన ఉంది, రంగు అద్దాలూ ఆర్గనూ ఎర్ర తివాచీతో, అది పొద్దున వాళ్ళది. మధ్యాహ్నం మాకు అద్దెకిచ్చేది ఈ బేస్‌మెంటు. ఇన్ని మెట్లు భూమిలోకి దిగొచ్చి ఆకాశంలో ఉన్న తండ్రిని పిలుస్తున్నాం అని ఒకసారి అంటే మా ఆయన ఆనందబాబు నవ్వాడు, నవ్వినందుకు వెంటనే చుట్టూ చూసుకున్నాడు. మెట్ల మీద స్నో బూట్లు గుట్టగా పడున్నాయి, న్యూజెర్సీ పార్సిప్పనీలో ఉన్నా బాపట్లలో ఉన్నా చెప్పులతో ప్రార్థనకి రాకూడదు కనక. మేజోళ్ళలోంచి సిమెంటు చల్లగా తగులుతోంది, దాంతోపాటు ఒక సన్నటి వణుకు, ఫర్నేసుది కాదు, అంతకంటే నిదానమైనది, రూట్ ఫార్టీసిక్స్ మీద బరువు లారీ ఏదో పోతున్నట్టుంది. నా ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, అందులో ఒక కాసెట్. మూడు కీర్తనలయ్యాక ప్రార్థన, ప్రార్థన అయ్యాక సాక్ష్యాలు, ఆ తర్వాత ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసమూ పంచుకోవడం. ఇవాళ సాక్ష్యం ఒక్కటే, నాది. నరకం భూమి లోపలే ఉందనీ, అందులోంచి వచ్చే కేకల్ని రష్యాలో రికార్డు చేశారనీ, భూమి లోపలి సంగతులు చదివే సిస్టర్ విమలకుమారి సైన్స్ తరఫున నిలబడి దాన్ని బలపరుస్తుందనీ మా సంఘపెద్ద దైవాశీర్వాదం గారు పోయిన ఆదివారమే ప్రకటించేశారు. ముందు వరసలో తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని లూసమ్మగారు కూర్చున్నారు. ఆవిడ కొడుకు పోయి ఏడాది కావస్తోంది. నేను ఇవాళ చెప్పేదాన్ని బట్టి ఆ పిల్లవాడు ఆ కేకల్లో ఉంటాడు, లేదా ఉండడు. ఇదీ నా పరిస్థితి.

దైవాశీర్వాదం గారిని తప్పు పట్టలేను. మంచి మనిషి. మంచు పడితే తెల్లారకముందే వచ్చి అందరికంటే ముందు ఈ మెట్ల మీద ఉప్పు చల్లేది ఆయనే. ఫోన్ చేసి, "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. మేం చెప్తే పాస్టర్లు చెప్పినట్టు, మీరు చెప్తే సైన్స్ చెప్పినట్టు. జస్ట్ ఫైవ్ మినిట్స్ టెస్టిమొనీ," అన్నారు. నేను "చూస్తానండీ" అన్నాను. గుంటూరులో చూస్తానంటే కుదరదని అర్థం. ఆయన ఇరవయ్యేళ్ళుగా అమెరికాలో ఉన్నారు, చూస్తానంటే చూస్తాననే అనుకున్నారు. అసలు అక్టోబరులో కాలిఫోర్నియా భూకంపం వచ్చేదాకా నా ఉద్యోగం ఏమిటో ఈ గదిలో ఎవరికీ పట్టలేదు, ఏదో రాళ్ళ ఉద్యోగం అనుకునేవాళ్ళు. వంతెన విరిగిపడ్డ బొమ్మలు టీవీలో చూశాక ఒక్కసారిగా నాకు గౌరవం పెరిగింది. కృష్ణమోహన్ గారైతే చేతిలో భోజనం ప్లేటుతో వెతుక్కుంటూ వచ్చి, "మన న్యూజెర్సీకి ఎప్పుడొస్తుందమ్మా? ఇల్లు బుక్ చెయ్యొచ్చా, ఆగమంటావా?" అని అడిగారు. నేను చేసేది అది కాదు. నది దాటి, న్యూయార్క్ వైపు కొండమీద ఒక పరిశోధన కేంద్రంలో కాగితం చుట్టల ముందు కూర్చుంటాను. ఎక్కడో భూమి కంపిస్తే ఆ అల భూమి లోపలినుంచి నడిచి వచ్చి మా పరికరాన్ని తడుతుంది, సాఫీగా పోతున్న గీత ఒకచోట ఉలిక్కిపడుతుంది, ఆ ఉలికిపాటు మొదలైన చోట పెన్సిలుతో చుక్క పెడతాను. అంతే. అలాంటి చుక్కలు ప్రపంచమంతా పెట్టగా పెట్టగా లోపల ఏముందో తెలిసింది. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

చూడకుండానే నాకు మొదట చెప్పింది గుంటూరు మిషన్ బళ్ళో శాంతి టీచరు. పాఠంలో భూమిని కోడిగుడ్డుతో పోల్చారు, ఆవిడకి అది నచ్చలేదు. గుడ్డులో నడిమధ్య మెత్తనే, భూమికి నడిమధ్య గట్టి, ఈ పుస్తకం రాసినాయన గుడ్డు తిన్నాడు గానీ ఆలోచించలేదు అని, మర్నాడు సంచిలోంచి మొలకెత్తిన కొబ్బరికాయ తీసింది. పైన పల్చటి తోలు, ఇదీ మనం ఉండే భూపటలం, మీ ఊళ్ళూ కొండలూ సముద్రాలూ అన్నీ ఈ తోలుమీదే. దానికింద పీచూ చిప్పా కొబ్బరీ, అంతా కలిపి ప్రావారం అనుకోండి, రాయే గానీ వేడికి యుగాల తరబడి నిదానంగా సాగే రాయి. లోపల నీళ్ళు, అక్కడ నీళ్ళకి బదులు కరిగిన ఇనుము. ఆ నీళ్ళ మధ్యలో చూడండి, పువ్వు, అదీ గట్టి నడిబొడ్డు. క్లాసులో సగంమంది మా సంఘం పిల్లలే. మా ఇళ్ళల్లో కొబ్బరికాయ కొట్టడమంటే పచ్చడికే, అందుకని ఆ సాయంత్రమే ఎవరో తండ్రి బడికొచ్చి క్రైస్తవ బళ్ళో టీచరు కొబ్బరికాయ కొట్టడమేంటని అడిగాడు. "కొట్టింది దేవుడికి కాదండీ, భూగోళానికి," అందిట ఆవిడ. పువ్వుని మాత్రం మాకు తలా కాస్త తుంచి పెట్టింది. భూమి నడిబొడ్డు తియ్యగా ఉంటుందని నాకు అప్పటినుంచీ ఒక నమ్మకం, ఇన్నేళ్ళ చదువూ దాన్ని పూర్తిగా పోగొట్టలేకపోయింది. ఆ లోపలి పువ్వు పెరుగుతోంది కూడా, చుట్టూ ఉన్న ద్రవం చల్లబడి గడ్డకట్టేకొద్దీ, ఎవరూ చూడకుండా, ఎవరికోసమూ కాకుండా. పెన్సిలు పట్టుకుని కూర్చున్నప్పుడు ఈ ఆలోచన నాకు హాయిగా ఉంటుంది. మనుషులతో సంబంధం లేని పని ఒకటి అంత పద్ధతిగా జరిగిపోతూ ఉండడం.

రెండో కీర్తన. నా పక్కనున్న నళిని శ్రుతి తప్పింది, తప్పినచోటే ఉండి గట్టిగా పాడుతోంది, చుట్టుపక్కలవాళ్ళంతా మెల్లిగా ఆమె శ్రుతిలోకి జరిగిపోయారు. ఆ కాసెట్ మొదట విన్నరోజున కూడా నళిని నా పక్కనే ఉంది. దైవాశీర్వాదం గారింట్లో ప్రార్థన కూడిక అయింది, పకోడీలు వచ్చాయి, బెర్లిన్ గోడ పడిపోవడం గురించి మాట్లాడుతున్నారు, ఇది అంత్యదినాల గుర్తా కాదా అని. ఆయన టేపు రికార్డరు తెచ్చి టీపాయ్ మీద పెట్టారు. కాసెట్ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే ఎవరూ సరిగ్గా చెప్పరు, ఫ్లోరిడాలో ఎవరి కోడలికో ఎవరో ఇచ్చారట. ముందు ఒక అమెరికన్ గొంతు వివరించింది. రష్యాలో తొమ్మిది మైళ్ళ లోతుకి బోరు వేశారట, అక్కడ డ్రిల్లు ఉన్నట్టుండి శూన్యంలో గిర్రున తిరిగిందట, మైకు దింపితే ఇదీ వినిపించిందట. తర్వాత కేకలు. ముందు కలగాపులగంగా హోరు, అందులోంచి విడివిడిగా గొంతులు. పకోడీల ప్లేటు పట్టుకుని నళిని అలాగే నిలబడిపోయింది. నా బుర్ర మాత్రం తన అలవాటు ప్రకారం లెక్కలోకి వెళ్ళిపోయింది. తొమ్మిది మైళ్ళంటే ఇక్కణ్ణించి మోరిస్‌టౌన్ దాటి కాస్త ముందుకి. భూమి నడిబొడ్డు నాలుగువేల మైళ్ళు. తొమ్మిది మైళ్ళకి కొబ్బరికాయ తోలు కూడా తెగదు. పైగా ఆ లోతులో శూన్యం ఎక్కడిది, పైనున్న రాతి బరువు ఏ సందునీ తెరుచుకుని ఉండనివ్వదు, అరవాలంటే నోరు తెరిచేంత చోటైనా ఉండాలి. మంట కూడా ఉండదు, మంటకి గాలి కావాలి. లోపల ఉన్నది వేడి, బరువు, అంతే. కేకల వెనక గోడలకి తగిలి వస్తున్న ప్రతిధ్వని వినపడుతోంది, ఏదో పెద్ద హాల్లో తీసిన చప్పుడు. ఇదంతా చెబుదామని నోరు తెరిచి లూసమ్మగారి మొహం చూసి మూసేశాను. అందరూ భయపడుతున్నారు, ఆవిడ భయపడడం లేదు. వింటున్నారు. మొదట బాపట్ల మిషన్ ఆస్పత్రిలో, తర్వాత ఇక్కడ, జీవితమంతా నర్సుగా చేసిన మనిషి, వార్డులో మూలుగుతున్నది ఎవరో మంచం దగ్గరికి వెళ్ళకుండానే చెప్పగలిగిన మనిషి, అలా వింటున్నారు. ఎవరిని వెతుకుతున్నారో నాకు అప్పుడే అర్థమైంది.

ఉదయ్ నన్ను ఆంటీ అనేవాడు. పసివాడుగా ఈ దేశం వచ్చాడు, తండ్రి ముందే పోయాడు, తల్లి షిఫ్టుల మధ్య పెరిగాడు. పోయేనాటికి కాలేజీలో ఉన్నాడు. ఒకసారి పార్కింగ్ లాట్‌లో కారుకి చేరగిలబడి, "ఆంటీ, ఎర్త్ సెంటర్‌లో గ్రావిటీ ఎంత ఉంటది?" అని అడిగాడు. సున్నా అన్నాను, అన్నివైపులా సమానంగా లాగుతుంది గనక ఏ వైపూ లాగదు. "సో నువ్వు ఫాల్ అవ్వవు. జస్ట్ అక్కడ ఉంటావ్. దట్స్ కూల్," అన్నాడు. వాడు పార్కింగ్ లాట్‌లో ఎందుకున్నాడంటే లోపల రొట్టె పళ్ళెం తిరుగుతోంది. ఈ సంఘంలో ఎక్కువమంది బాప్టిస్టులు, మా ఆనందబాబు వాళ్ళు కూడా. పుట్టిన పిల్లల నెత్తిన నీళ్ళు చల్లి ఇచ్చే బాప్తిస్మం వాళ్ళ లెక్కలోకి రాదు. తెలివొచ్చాక తనంతట తనే నమ్మి, నలుగురి ముందూ ఒప్పుకుని, నిలువునా మునగాలి, మునిగేదాకా ప్రభువు బల్లలో పాలు లేదు. మేం గుంటూరు లూథరన్లం, నాకు నెలలపిల్లగా ఉన్నప్పుడే అయిపోయింది. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నన్ను తడిసీ తడవని పిల్ల అనేవారు, ఆవిడ పోరు పడలేక నేనూ మునిగాను, రెండుసార్లు తడిసినదాన్ని. ఉదయ్ ఒక్కసారీ తడవలేదు. ఇక్కడ అమెరికన్ చర్చిలో వేడినీళ్ళ తొట్టి ఉంది, తేదీ కూడా అనుకున్నారు. వాడేమో, "మమ్మీ, బాత్‌టబ్‌లో ఒద్దు. సీలో తీసుకుంటా, తాత తీసుకున్నాడు కదా, అక్కడే," అన్నాడు. సగం వాయిదా వెయ్యడానికే అన్నాడని నా అనుమానం. లూసమ్మగారు మాత్రం పొంగిపోయారు. ఆవిడ తండ్రి మునిగింది బాపట్ల పక్కనున్న సూర్యలంక సముద్రంలో, పదహారేళ్ళప్పుడు ఆవిడా అక్కడే. నా కొడుకు మా నాన్న మునిగిన నీళ్ళలోనే మునుగుతాడట అని ఇంటింటికీ ఫోన్ చేసి చెప్పారు. తొట్టి తేదీ రద్దు చేయించింది ఆవిడే. ఆ వేసవికి ఈవిడకి సెలవు దొరకలేదు, పై వేసవికి వాడికి క్లాసులు, ఫిబ్రవరిలో రూట్ ఎయిటీ మీద కంటికి ఆనని మంచు, కారు జారింది. అంత్యక్రియలప్పుడు అందరూ అన్ని మాటలూ చెప్పారు, పరలోకంలో ఉన్నాడన్న ఆ ఒక్క మాటా ఎవరూ ఎత్తలేదు, ఎత్తకపోవడం అందరికీ వినిపించింది. అప్పటినుంచీ బల్ల మొదలవగానే లూసమ్మగారు లేచి, పిల్లవాడు వెళ్ళినట్టే మెట్లెక్కి బయటికి వెళ్ళిపోతున్నారు. నేను తలవంచుకునే ఉంటాను గానీ ఆవిడ కుర్చీ వెనక్కి జరిగినప్పుడు సిమెంటులోంచి నా పాదాలకి తెలుస్తుంది. దైవాశీర్వాదం గారు ఒకసారి అడిగితే, "వాడికి లేని బల్ల నాకెందుకండీ," అన్నారట.

మూడో కీర్తన రెండో చరణానికొచ్చింది. ఆనందబాబు అటువైపునుంచి నన్ను చూస్తున్నాడు, ఏం చెబుతావో గానీ కాస్త చూసుకుని చెప్పు అనే చూపు. పొద్దున కార్‌లో నోరు తెరిచే అన్నాడు, "వాళ్ళని హర్ట్ చెయ్యకు విమలా, ఇక్కడ మనకున్నది వీళ్ళే." నిజమే. నాకు జ్వరమొస్తే చారు తెచ్చేది వీళ్ళు, ఆనందబాబుకి ఉద్యోగం పోయిన ఆర్నెల్లు మా ఇంటికి ఎవరో ఒకరు బియ్యం తెచ్చి గుమ్మంలో పెట్టి బెల్ కొట్టకుండా వెళ్ళిపోయారు. మొన్న శుక్రవారం లూసమ్మగారు బెల్ కొట్టకుండానే గుమ్మంలో నిలబడ్డారు, నేను చెత్త పడెయ్యడానికి తలుపు తీస్తే ఎదురుగా. చేతిలో కిరాణా సంచి, అందులో టేపు రికార్డరు. దైవాశీర్వాదం గారి దగ్గర కాపీ చేయించుకున్నారట. టీ పెడతానంటే వద్దన్నారు. "నువ్వు రోజూ భూమిని వింటావంటగా విమలా. నాకిదొక్కటి విని చెప్పు," అని వంటింటి బల్లమీద పెట్టి తిప్పారు, ఆపారు, వెనక్కి తిప్పారు, మళ్ళీ తిప్పారు. ఆ మీట మీద ఆవిడ వేలు ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కుతోంది, అన్నిసార్లు నొక్కిన వేలు. "ఇదిగో. ఇక్కడ. ఈ గొంతు మగపిల్లాడిదే కదూ? చిన్నప్పుడు జ్వరమొస్తే వాడిలాగే సాగదీసేవాడు." నాకు కోపం వచ్చింది. ఆవిడమీద కాదు, ఎవరో తెలియని ఒక మనిషిమీద, ఏ హాల్లోనో ఎవరిచేతో అరిపించి ఈ టేపు చేసినవాడిమీద, వాడికి ఈ వేలు చూపించాలనిపించింది. "అది అబద్ధపు టేపండీ లూసమ్మగారూ," అన్నాను. "నీకెలా తెలుసు? నువ్వెళ్ళి చూశావా?" "ఎవరూ వెళ్ళలేరండీ." "మరెలా తెలుసుకుంటారు మీరంతా?" "విని తెలుసుకుంటాం." "నేనూ అదే చేస్తన్నా," అన్నారావిడ. పోనీ అది వాడి గొంతే అని తేలితే ఏం చేస్తారని అడిగాను, అడక్కుండా ఉండాల్సింది. "ఏం చేస్తానమ్మా. రోజూ వింటాను. ఒక్కణ్ణీ వదిలేస్తానా," అన్నారు, రికార్డరు మళ్ళీ సంచిలో పెట్టుకుంటూ.

శనివారం నేను ల్యాబ్‌కి డ్రైవ్ చేశాను. సెలవురోజు, ఎవరూ లేరు, కాగితం చుట్టిన డ్రమ్ముల మీద పెన్నులు తమ పని తాము చేసుకుంటున్నాయి. భూమి చేసే చప్పుడు మన చెవికి అందదు, అంత మంద్రం. కానీ టేపు మీద ఎక్కించి కొన్ని వందల రెట్లు వేగంగా తిప్పితే ఒక రోజంతా కొన్ని నిమిషాల్లోకి ముడుచుకుంటుంది, అప్పుడు వినపడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి సరదాగా వినిపిస్తుంటాం. ఇండోనేషియా వైపు సముద్రం కింద భూమి కంపించిన ఒక రోజు టేపు వెతికి కాసెట్‌లోకి దింపాను. ఆ అల ప్రావారం దాటి, కరిగిన ఇనుములోంచి, పువ్వులోంచి దూరి ఇరవై నిమిషాల్లో మా కొండకి వచ్చింది. అమ్మయ్య, ఇది వినిపిస్తాను, ఇదండీ భూమి అసలు గొంతు, ఇందులో ఎవరి కేకలూ లేవు అని చెబుతాను అనుకుంటూ హడ్సన్ నది మీది వంతెన దాటాను. వంతెన దాటేసరికి నా చదువు నన్ను పట్టుకుంది. ఇందులో గొంతులు లేవనడం నిజం. ఇందులో లేవు కాబట్టి అక్కడ ఎవరూ లేరనడం అబద్ధం. మనిషి గొంతు రాతిలో నాలుగు వీధులు కూడా నడవదు, నా పరికరం అంత సన్నటి చప్పుణ్ణి అసలు పట్టదు. కింద లక్షమంది అరుస్తున్నా నా కాగితం మీద గీత సాఫీగానే పోతుంది. సాక్ష్యం అనే లెక్కన చూస్తే నా కాసెట్టూ వాళ్ళ కాసెట్టూ ఒకటే. మా బాపట్లా గుంటూరూ అయితే మరీ విచిత్రం, అవి ఇక్కడికి సరిగ్గా నీడలో ఉంటాయి. అక్కడ భూమి కంపిస్తే తిన్నగా రావలసిన అల కరిగిన ఇనుము దగ్గర వంగి పక్కకి పోతుంది, పార్సిప్పనీ నీడలో మిగిలిపోతుంది. అలాంటి నీడలో, రాకూడని చోట, ఒక బలహీనమైన అల వచ్చిందని ఎప్పుడో డెన్మార్కులో ఒకావిడ కనిపెట్టింది. అందరూ పరికరం పొరపాటు అనుకున్న ఆ చిన్న ఉలికిపాటుని ఆవిడ కొట్టెయ్యకుండా ఉంచింది, ఉంచబట్టే లోపల పువ్వు ఉందని తెలిసింది. నేను ఆవిడలా ఆలోచించడానికి ప్రయత్నించాను. నాకు తెలిసినదాంట్లో లూసమ్మగారికి పనికొచ్చేది, అబద్ధం కానిది, ఒక్కటైనా ఉండాలి కదా. ఇంటికొచ్చేదాకా దొరకలేదు, రాత్రంతా దొరకలేదు, ఇప్పుడు ప్రార్థనలో అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, కళ్ళు మూసుకుని చూస్తున్నా దొరకడం లేదు.

ఆమెన్. కుర్చీలు కిర్రుమన్నాయి. దైవాశీర్వాదం గారు నా వైపు చెయ్యి చాచారు, "మన సంఘంలో ఇలాంటి సైంటిస్ట్ ఉండటం దేవుడి ప్లాన్. సిస్టర్ విమలకుమారి గారు వచ్చి సాక్ష్యమిస్తారు." బల్లమీద ఆయన రికార్డరు సిద్ధంగా ఉంది, పక్కనే తెల్లగుడ్డ కింద రొట్టె. అంత దూరం నడవడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. కొంగు తలమీదికి సర్దుకున్నాను. వందనాలన్నాను, అందరూ వందనాలన్నారు. కొబ్బరికాయతో మొదలుపెట్టాను, ఎందుకో మరి, నాకు మొదట తెలిసింది అదే గనక. తోలు, పీచు, నీళ్ళు, పువ్వు. కొందరు నవ్వారు. తొమ్మిది మైళ్ళకి తోలు కూడా తెగదని చెప్పాను. అంత లోతున ఖాళీ చోటు ఉండదని, రాతి బరువు ఉండనివ్వదని, మంట ఉండదని చెప్పాను. "నరకం ఉందో లేదో నాకు తెలీదండీ. అది నా చదువు కాదు, దాని సంగతి మీరూ వాక్యమూ చూసుకోండి. భూమిలో మాత్రం దానికి చోటు లేదు. ఆ కాసెట్ ఎవరో మనుషులు చేసింది." గదిలో కదలిక పుట్టింది. కృష్ణమోహన్ గారు గొంతు సవరించుకున్నారు. దైవాశీర్వాదం గారి మొహంలో కోపం లేదు, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టుగా అయింది పాపం, అది చూసి నాకు బాధేసింది. "మరి మీరెప్పుడన్నా విన్నారా సిస్టర్, కింద ఏం వినపడుద్దో?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. హ్యాండ్‌బ్యాగు తెరిచి నా కాసెట్ తీసి రికార్డరులో పెట్టాను.

మొదట హోరు వచ్చింది, సన్నగా మొదలై గదంతా నిండేలా, ఒక్క ధాటిన కాకుండా పొంగుతూ తగ్గుతూ. ఫర్నేసు అప్పుడే ఆగిపోవడంతో ఇంకేమీ అడ్డం రాలేదు. చాలాసేపు అదే. తర్వాత ఎక్కడో దూరపు గదిలో తలుపు పడినట్టు ఒక్క దెబ్బ, దాని వెనక గొణుగుడుగా ఇంకొన్ని, ఇదీ ఇండోనేషియానించి వచ్చింది అన్నాను, భూమి మధ్యలోంచి. మళ్ళీ హోరు. లూసమ్మగారు లేచి ముందుకొచ్చారు. మోకాళ్ళు నొప్పులు ఆవిడకి, అయినా బల్ల పక్కన వంగి రికార్డరుకి చెవి ఆనించారు. కళ్ళు మూసుకోలేదు, నేలని చూస్తూ విన్నారు. టేపు చివరిదాకా విన్నారు, మీట నొక్కి వెనక్కి తిప్పుకుని మళ్ళీ విన్నారు. "మావాడు లేడు ఇందులో," అన్నారు. అప్పుడు నేను చెప్పాలి. ఈ పరికరం గొంతుల్ని పట్టదండీ అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది, వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆవిడ ఇంకా వంగే ఉన్నారు. "ఈ హోరు ఏంటమ్మా? ఇది సముద్రం కదూ?" అన్నారు.

అవును, సముద్రమే. నా కాగితాల మీద ఏ గంటలోనూ ఆగకుండా ఉండేది, నేను చెత్త అని పక్కకి తోసి చుక్కలు పెట్టుకునేది అదే. అలలు ఎగిసిపడ్డప్పుడల్లా సముద్రం అడుగు నేల ఊగుతుంది, ఆ ఊపు గట్టు దాటి వందల మైళ్ళు లోపలికి వస్తుంది, ఏ పరికరం పెట్టినా ముందు వినపడేది అదే. ఇంతకాలం దాన్ని ఒక్కసారీ సముద్రం అని పిలవలేదు నేను. బాపట్ల మనిషి రెండుసార్లు విని పిలిచింది. "అవునండీ. సముద్రమే," అన్నాను. "ఇంతదూరం వస్తుందా?" "వస్తుందండీ. మనం కూర్చున్న ఈ నేలలో కూడా ఉంది. ఎప్పుడూ ఉంటుంది." ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకున్నారు, విప్పారు. తర్వాత అడిగిన మాట నాకొక్కదానికే వినపడేంత మెల్లగా అడిగారు. "మావాడు పడుకున్నచోటికి కూడా?" ఆ సమాధుల తోట నాకు తెలుసు, కొండవాలు, కింద గట్టి రాయి, గట్టిరాతిలో ఆ ఊపు ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇందులో నేను సర్దిచెప్పవలసిందేమీ లేదు, దాచవలసిందేమీ లేదు, ఎవరు ఎన్నిసార్లు కొలిచినా ఇదే తేలుతుంది. "అక్కడికి కూడా వస్తుందండీ. రాత్రీ పగలూ. వాణ్ణి ఊపుతూనే ఉంటుంది," అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు, ఏడవలేదు, అలాగా అన్నట్టు తల ఊపి వెళ్ళి తన చోట కూర్చున్నారు.

దైవాశీర్వాదం గారు బల్లమీది తన కాసెట్ తీసి కోటు జేబులో పెట్టుకున్నారు. "దేవుని పనులు మనకి తెలీవు," అన్నారు, అది ఎవరికి అన్నట్టో తెలియలేదు, బహుశా తనకే. ఇంటికెళ్ళాక ఆనందబాబు ఏమంటాడో, వచ్చే ఆదివారం మాతో ఎవరు మాట్లాడతారో, ఇల్లు ఎప్పుడు కొనాలో కృష్ణమోహన్ గారు ఇక ఎవరిని అడుగుతారో. నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో, ఖాళీగా తేలిగ్గా ఉంది. తెల్లగుడ్డ తీశారు. ప్రార్థన చేశారు. రొట్టె పళ్ళెం ఇవాళ పట్టుకున్నది ఆనందబాబే, ముందు వరసనుంచి మొదలుపెడతారు. నేను కళ్ళెత్తి చూడలేదు. తలవంచుకుని రెండు పాదాలూ సిమెంటు మీద ఆనించి విన్నాను. రూట్ ఫార్టీసిక్స్ మీద లారీ ఒకటి పోయింది. ఫర్నేసు మళ్ళీ అంటుకుంది. పళ్ళెం ఆగి, కదిలి, ఆగింది. ఇనప కుర్చీ వెనక్కి జరిగితే నాకు తెలుస్తుంది. ఏ కుర్చీ జరగలేదు.